గాల్వేలో మా అల్లుడి గొంతు

శుక్రవారం ఉదయం ఏడుంబావుకు శాండీఫోర్డులో ఇల్లు కదిలాం. నేను, మా అల్లుడు, ఒక గిటారు పెట్టె, ఒక బరువైన స్పీకరు పెట్టె, రెండు చేతిసంచులు, పులిహోర డబ్బా. అది 2021 జూన్ చివరి వారం. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్లవచ్చని ప్రభుత్వం చెప్పి నెలన్నర దాటింది. హోటళ్లు తెరిచారు గాని లోపల కూర్చుని తిననివ్వరు. రైళ్లలో సగం సీట్లే అమ్ముతున్నారు.

నేను ఐర్లండు వచ్చింది మూడు నెలలకని. మా అమ్మాయి లలిత ఆస్పత్రిలో నర్సు. ఆమె కాన్పుకని 2020 ఫిబ్రవరిలో వచ్చాను. పాప పుట్టిన వారానికే విమానాలు ఆగిపోయాయి. మూడు నెలలు పదహారు నెలలయ్యాయి. ఈ పదహారు నెలల్లో నేను చూసిన ఐర్లండు వంటింటి కిటికీ, ఎదురుగా ఉన్న పార్కు, కింద లూవాస్ ట్రాము ఆగే చోటు. అంతే.

మా అల్లుడి పేరు చంద్రశేఖర్. ఊరు ఏలూరు. ఉద్యోగం డాక్‌ల్యాండ్స్‌లోని ఒక కంప్యూటరు కంపెనీలో. ప్రాణం మాత్రం పాటలో. అరవై ఏళ్ల కిందట అమెరికాలో నల్లవాళ్లు పాడిన రిథమ్ అండ్ బ్లూస్ అనే సంగీతం ఉంది. అల్లుడు ఆ కాలం వాళ్లలాగే సన్నటి టై కట్టి, జుట్టుకు నూనె రాసి వెనక్కి దువ్వి, ఆ పద్ధతిలో సొంతంగా పాటలు కట్టి పాడతాడు. శనివారాలు పబ్బుల్లో పాడేవాడట. కరోనా రాగానే పబ్బులు మూసేశారు.

గాల్వే ఊరికి పడమర, సముద్రం ఒడ్డున, మార్టిన్ అనే పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా డ్యాన్సు హాళ్లలో ఆర్గన్ వాయించినవాడు. ఇప్పుడు పడవలు పెట్టుకునే పాత షెడ్డులో పాటలు రికార్డు చేస్తాడు. నచ్చిన పాటలను మాత్రం సొంత ఖర్చుతో చిన్న నల్ల రికార్డులుగా వేస్తాడు. ఆయన అల్లుడికి శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పొద్దుటిపూట ఇచ్చాడు. శనివారం పన్నెండు గంటలకల్లా ఒక్క పాట నిలబడితే రికార్డు వేస్తాడు. లేకపోతే దణ్ణం పెట్టి వచ్చేయడమే.

అంతకుముందు అల్లుడు ఇంకో ఇద్దరికి పాటలు పంపాడు. ఇద్దరూ ఒకటే మాట రాశారు: బాగుంది గాని, ఇది అసలువాళ్లు ఎప్పుడో పాడేశారు. అల్లుడికి ముప్పై ఆరేళ్లు వచ్చాయి. ఇదీ తప్పితే గిటారు ఎవరికైనా ఇచ్చేస్తానని లలితతో అన్నాడు. లలిత అడగలేదు. తనంతట తనే అన్నాడు. అందుకే ఆ మాట నాకు భయంగా తోచింది.

నన్ను పంపించింది లలితే. "పదహారు నెలల్లో పార్కు దాటి వెళ్లలేదు నువ్వు. ఆగస్టులో వెళ్లిపోతావు. పాపను నేను చూసుకుంటాను, సెలవు పెట్టాను. ఆయన పక్కన మనవాళ్లు ఒకరుండాలమ్మా" అంది.

"అల్లుడితో నేనొక్కదాన్నా?" అన్నాను.

"ఏం, కరుస్తాడా?" అంది.

కరవడం కాదు. మావైపు అత్తా అల్లుళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోరు. మా అమ్మ అయితే మా ఆయనతో బతికినన్నాళ్లూ తలుపు చాటునుంచే మాట్లాడింది. నేను అంత పట్టింపు మనిషిని కాను. కానీ అలవాటు పోదు. ఆ చిన్న ఫ్లాటులో పాప మా ఇద్దరికీ టెలిఫోను. "తారా, నాన్నను అన్నం వడ్డించమంటాడేమో అడుగమ్మా" అంటాను. "తారా, అమ్మమ్మను కూర్చోమను, నేను పెట్టుకుంటానని చెప్పు" అంటాడు. రెండు పళ్ల పాప ఇద్దర్నీ చూసి నవ్వేది. ఇప్పుడు పాప లేకుండా రెండు రోజులు.

దారి చెబుతాను, వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. శాండీఫోర్డులో ఆకుపచ్చ లైను లూవాస్ ఎక్కి ఓకానెల్ వీధిలో దిగాం. అక్కడినుంచి రెండు నిమిషాలు నడిస్తే ఎర్ర లైను. అది నేరుగా హ్యూస్టన్ స్టేషనుకు తీసుకువెళుతుంది. ఎనిమిదిన్నరకు అక్కడున్నాం. టిక్కెట్లు ముందే ఆన్‌లైనులో కొనాలి. రానూపోనూ మనిషికి ముప్పై యూరోల లోపే అయింది. బండిలో టీ అమ్మడం ఆపేశారు కనక ఫ్లాస్కు మరవకండి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది.

తొమ్మిదిన్నర తరువాత బండి కదిలింది. ఒక సీటు విడిచి ఒక సీటుకు కాగితం అంటించారు, కూర్చోవద్దని. అల్లుడు నడవకు అటు, నేను ఇటు. ఆ కాగితానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

స్టేషను రాగానే బోర్డు చదవడం నాకు ఇష్టం. తెలుగు అక్షరాలు నేను యాభై రెండో ఏట నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఈ లాక్‌డౌనులో లలిత నేర్పింది. ఇక్కడ ప్రతి బోర్డు మీదా పేరు రెండు భాషల్లో ఉంటుంది, ఐరిషు, ఇంగ్లీషు. ఐరిషు నాకు నోరు తిరగలేదు. ఇంగ్లీషులో పోర్టార్లింగ్టన్ పూర్తి చేసేలోపు బండి కదిలిపోయింది. టల్లమోర్ మాత్రం సాధించాను. కిటికీ బయటంతా పచ్చిక, రాతిగోడలు, గొర్రెలు. గొర్రెల వీపుల మీద నీలం రంగు, ఎరుపు రంగు గుర్తులు. ఎవరి మంద వారికి తెలియాలని.

అథ్లోన్‌లో షానన్ అనే పెద్ద నది మీద వంతెన ఉంది. ఆ ఊళ్లో మనమ్మాయి ఒకతె ఎక్కింది. వీపుకు సంచి, చేతిలో ఫైలు. రెండు వరుసల అవతల కూర్చుని నా డబ్బా వంకే చూసింది.

"ఆంటీ, తెలుగోళ్లేనా? పులిహోర వాసన మాస్కుల నుంచి గూడ వచ్చింది" అంది.

జగిత్యాల పిల్ల. ఎమ్మెస్సీ చదువుతోంది. "గాల్వేల సీటు దొరికింది గని రూము దొరుకుతలేదు ఆంటీ. ఇయ్యాల మూడు రూములు జూసేదుంది. రెంటు వింటెనే కండ్లు తిరుగుతున్నయ్" అంది. కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి నడవ మీదుగా చెయ్యి బారుగా చాచి ఇచ్చాను. ఆమె కూడా చెయ్యి చాచి అందుకుంది.

తింటూ అల్లుడి పెట్టె చూసింది. "అన్నా, గిటారా? ఒక పాట పాడరాదే?"

"మాస్కు తియ్యకూడదమ్మా" అన్నాడు అల్లుడు.

"మాస్కులనే పాడు. సూపర్ స్టారువా ఏంది, అంత బెట్టు!"

అల్లుడు నవ్వి తల అడ్డంగా ఊపాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఎందుకంటే నాకు ఆ పాట తెలుసు. రోజూ విన్నాను.

ఈ దేశంలో బీరువాను ప్రెస్ అంటారు. ప్రతి ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు ఉండే చిన్న గూడు ఒకటుంటుంది, దాన్ని హాట్ ప్రెస్ అంటారు. తువ్వాళ్లు, దుప్పట్లు అందులో ఆరేస్తారు. లలిత రాత్రి డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదికి వచ్చి మూడింటిదాకా నిద్రపోయేది. ఫ్లాటు గోడలు పలచన. అల్లుడు ఆమె పడుకునే గదిలోనే ఒక మూల లాప్‌టాప్ పెట్టుకుంటే ఆమెకు నిద్ర పట్టదని హాల్లో పనిచేసేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం సెలవు. ఆ గంటలో హాట్ ప్రెస్ తలుపు తీసి, తువ్వాళ్ల మధ్య తల పెట్టి, మెల్లగా పాడుకునేవాడు. ప్రతి వరుసకు ముందు ఒక్క క్షణం ఆగి చెవి పెట్టేవాడు, లోపల లలిత కదిలిందేమోనని. కదలలేదని తెలిశాక తరువాతి వరుస ఎత్తుకునేవాడు. కింద స్థాయిలో, దగ్గరగా, ఎవరి చెవిలోనో చెబుతున్నట్టు. పాపను భుజాన వేసుకుని నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఆ గంటలో కుక్కరు పెట్టేదాన్ని కాదు.

ఇలా దాదాపు తొమ్మిది నెలలు. మా అల్లుడి పాట అంటే అదే అనుకున్నాను. పబ్బుల్లో పాడింది నేనెప్పుడూ వినలేదు.

పన్నెండు దాటాక గాల్వేలో దిగాం. స్టేషను బయటికి రాగానే పెద్ద చౌకు. అక్కడే బస్సు. ఆ పిల్ల "ఆల్ ది బెస్ట్ అన్నా, పెద్దోడివైతే మమ్ముల మరువకు" అని చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆమెకు రూము దొరకాలని కోరుకున్నాను. సాల్ట్‌హిల్ అనే సముద్రపు ఒడ్డున లలిత రెండు గదులు బుక్ చేసింది, పొద్దుటి ఫలహారంతో. సంచులు అక్కడ పడేసి రెండున్నరకు ఇంకో బస్సు ఎక్కి బార్నా అనే ఊరు దాటి దిగాం. స్టాపు నుంచి పది నిమిషాల నడక. స్పీకరు పెట్టె ఒక పక్క నేను పట్టుకోబోతే అల్లుడు వద్దన్నాడు. నేను వినలేదు. ఇద్దరం మాట్లాడకుండా చెరో చెవి పట్టి మోశాం.

షెడ్డు పెద్దది. రేకుల పైకప్పు. ఒక మూల బోర్లా వేసిన పడవ. గాలి ఆడాలని రెండు వైపులా తలుపులు బార్లా తెరిచారు. నేల మీద ఎర్ర టేపు అంటించి ఎవరు ఎక్కడ నిలబడాలో గుర్తు పెట్టారు. మార్టిన్ పొడుగాటి మనిషి, ఉన్ని టోపీ, మోకాళ్ల నొప్పి. డ్రమ్ములు వాయించడానికి షివాన్ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, తల ఒక పక్క గొరిగించుకుంది. ముగ్గురే మనుషులు. వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు నాకు సగం అర్థమయింది. మిగతా సగం అల్లుడు తరువాత చెప్పాడు.

అల్లుడు పాడుతుంటే ఎదురుగా కూర్చోవడం నాకు చేతకాలేదు. ప్లాస్టిక్ కుర్చీ బయట వేసుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. గాలి చలిగా ఉంది. జూన్‌లో శాలువా కప్పుకున్నాను.

పాట మొదలయింది. లోపల ఎవరో వేరే మనిషి పాడుతున్నాడనుకుని తొంగి చూశాను. మా అల్లుడే. మెడ నరాలు పొంగేలా అరుస్తున్నాడు. మాట అంతా అమెరికా సినిమాలో మాటలాగా వంకరలు పోతోంది. గిటారు పక్కన చిన్న పెట్టె ఒకటి పెట్టాడు. దాని మర తిప్పితే గొంతు పాత బావిలోంచి వచ్చినట్టు మోగుతుంది. పాట నాకు తెలిసిందే, రోజూ విన్నదే. పాడేవాడే తెలియలేదు.

పన్నెండుసార్లు పాడాడు. ప్రతిసారీ మార్టిన్ "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో టీ చల్లారినా గ్రాండే, బస్సు తప్పిపోయినా గ్రాండే. ఆయన ముఖం మాత్రం ఆ మాట అనలేదు. ఆరు గంటలకు ఆర్గన్ మూత వేశాడు.

"చందూ, ఈ రికార్డు మా ఇంట్లో ఉంది" అన్నాడు.

"ఇది నేను కట్టిన పాట మార్టిన్."

"పాట నీదే. పాడినవాడు మా ఇంట్లో ఉన్నాడు. నలభై ఏళ్లుగా అల్మరాలో ఉన్నాడు. నిన్నని లాభం లేదు, మేమూ అదే చేశాం. ఇరవై ఏళ్లు ఇంకొకళ్లలా పాడాం. జనం బాగానే గంతులేశారు. ఇవాళ మా బ్యాండు పేరు ఎవరికైనా గుర్తుందేమో అడుగు." టోపీ సర్దుకుని, "రేపు తొమ్మిదిన్నరకు రా" అన్నాడు.

ఏడింటికి సాల్ట్‌హిల్ చేరాం. లోపల కూర్చోనివ్వరు కనక చేప, బంగాళాదుంప వేపుడు పొట్లం కట్టించుకుని ఒడ్డున బెంచీ మీద తిన్నాం. పొట్లం వేడిగా, పెద్దగా ఉంటుంది. ఇద్దరికి ఒకటి చాలు. సీగల్ అనే సముద్రపు పక్షి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. నా చేతిలోంచి ఒక ముక్క ఎత్తుకుపోయింది. ఇంకెప్పుడైనా అయితే అల్లుడు నవ్వేవాడు.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని అనవసరంగా ఇబ్బంది పెట్టాను" అన్నాడు, సముద్రం వైపు చూస్తూ.

"అయ్యో, ఎంతమాటండీ బాబూ" అన్నాను. ఆ తువ్వాళ్ల మధ్య పాడినట్టు పాడమని చెప్పాలనిపించింది. అల్లుడికి పాట నేర్పే అత్తగారు ఎక్కడుంది? అందులో నేను సంతలో కుండలమ్మి బతికిన మనిషిని.

గదికి వెళ్లి లలితకు ఫోను చేశాను. తొమ్మిదైనా కిటికీలో ఎండ ఉంది. జరిగింది చెప్పాను. "ఆయన హాట్ ప్రెస్‌లో పాడినట్టు పాడితే బాగుంటుందే. నువ్వు చెప్పవే" అన్నాను.

"ఏం పాడతాడమ్మా అక్కడ?"

"అదేమిటే, రోజూ పాడేవాడుగా. తొమ్మిది నెలలు."

"నేను నిద్రపోయేదాన్ని కదమ్మా. నాకసలు తెలియదు. విననిదాన్ని నేనేం చెబుతాను? విన్నది నువ్వొక్కదానివే" అంది.

ఆ మాట విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. నిజమే. ఆ గొంతుకు ఈ లోకంలో సాక్షిని నేనొక్కదాన్నే. ఆయనకే తెలియదు. ఆయన లెక్కలో అది సాధన కూడా కాదు, నోరు మూసుకుని ఉండలేక చేసిన పని.

శనివారం ఎనిమిదింటికి ఫలహారం పళ్లెం తలుపు ముందు పెట్టి, ఒకసారి తలుపు తట్టి, ఇంటావిడ వెళ్లిపోయింది. కరోనా పద్ధతి. గోధుమరంగు రొట్టె, వెన్న, ఓట్స్ జావ. జావలో కాస్త ఉప్పు, నేను తెచ్చుకున్న నువ్వులపొడి కలుపుకున్నాను. చక్కగా ఉంది. ఎనిమిది యాభైకి బస్సు. తొమ్మిదిన్నరకు షెడ్డు.

మళ్లీ అదే గొంతు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఇంకా గట్టిగా అరిచాడు. పదిన్నర దాటింది. మార్టిన్ గోడ గడియారం చూశాడు. షివాన్ కర్రలు ఒళ్లో పెట్టుకుని బూటు లేసు కట్టుకుంటోంది, కట్టి ఉన్న లేసునే మళ్లీ కట్టుకుంటోంది. అల్లుడు టై వదులు చేసి పడవ మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసి నేను కుర్చీలోంచి లేచాను.

లోపలికైతే వెళ్లాను గాని, అల్లుడి ముఖం చూసి చెప్పలేకపోయాను. ఎదురుగా షివాన్ కనిపించింది. నా నోరు దాని అలవాటున అది పోయింది.

"తల్లీ, ఆ బాబుతో చెప్పమ్మా. ఇంట్లో తువ్వాళ్ల బీరువాలో పాడినట్టు పాడమను" అన్నాను.

షివాన్ తల పైకెత్తింది. నా వంక చూసింది, అల్లుడి వంక చూసింది. "నాతోనా? ఏమంటున్నారు చందూ?"

"ఏం లేదు" అన్నాడు అల్లుడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం లేదనడానికి అంత పొడుగు మాట అక్కర్లేదు" అన్నాడు మార్టిన్. "చెప్పవోయ్. మా అత్తగారు ముప్పై ఏళ్లలో నాతో ఒక్కసారే మాట్లాడింది. ఆ ఒక్కసారీ నిజమే చెప్పింది."

అల్లుడు ఆ మాటను తన నోటితోనే ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. నా వైపు తిరిగి, "మీరు వినేవారా?" అన్నాడు. పదహారు నెలల్లో అతను నా ముఖం చూసి అడిగిన మొదటి ప్రశ్న అది.

నేను షివాన్‌తోనే చెప్పాను. ధైర్యం అంతవరకే ఉంది. "రోజూ వినేదాన్నని చెప్పు తల్లీ. సంతలో సరిగా కాలని కుండ అమ్మేవాడు ఉంగరం పెట్టుకున్న వేలితో కొట్టి చూపిస్తాడు. ఖంగుమంటుంది. ఇంటికి తెచ్చి నీళ్లు పోస్తే కారిపోతుంది. మంచి కుండకు ఉంగరం అక్కర్లేదు. ఒట్టి వేలితో కొడితే చాలు. ఆయన కుండ మంచిదే. నేను తొమ్మిది నెలలు విన్నాను. ఆ మోగే పెట్టె తీసేయమను."

షివాన్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎంతో మర్యాదగా తల ఊపుతూ విన్నది. అల్లుడు అంతా చెప్పాక ఆమె లేచింది. వెళ్లి ఆ మోగే పెట్టె తీగ పీకేసింది. కర్రలు పక్కన పడేసి, తీగల కుచ్చుల్లాంటివి తీసుకుంది, డ్రమ్మును కొట్టకుండా మెల్లగా రుద్దడానికి. మార్టిన్ పక్కింటి నుంచి గుర్రాలకు కప్పే దుప్పట్లు నాలుగు తెచ్చాడు. తాడు కట్టి వాటిని మైకు చుట్టూ వేలాడదీశారు.

అల్లుడు కోటు విప్పి పడవ మీద వేశాడు. అందరికీ వీపు పెట్టి దుప్పట్లలోకి వెళ్లాడు.

మొదటి వరుస వచ్చింది. ఆగాడు. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలుసు. లలిత కదలలేదని రూఢి చేసుకునేంతసేపు. షివాన్‌కు తెలియక ముందే కొట్టేసింది, నాలుక కరుచుకుంది. రెండో వరుసకు ఆమె కూడా ఆగింది. మూడో వరుసకు మార్టిన్ వేళ్లు కూడా గాలిలో ఆగాయి. ముగ్గురూ కలిసి ఏదో వింటున్నట్టు ఆగి, కలిసి దిగారు. పాటంతా అలాగే సాగింది, తాళం ఒక అడుగు వెనక నడుస్తూ. మాటలు మామూలు ఇంగ్లీషు. అల్లుడు ఆఫీసు ఫోనులో మాట్లాడే మన ఏలూరు ఇంగ్లీషు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక మనిషి తలుపు బయట నిలబడి లోపలి ఊపిరి వినడం గురించిన పాట అది. నిన్నటిదాకా ఆ మనిషి తలుపు బద్దలు కొడుతున్నట్టు పాడాడు. ఇవాళ నిలబడ్డాడు.

ఈసారి నేను బయటికి పోలేదు. ఎదురుగానే నిలబడ్డాను.

మొదటిసారి సీగల్ అరుపు పడింది. రెండోసారి షివాన్ తప్పింది. మూడోసారి పాట ముగిసింది. మార్టిన్ యంత్రం ఆపి, ఉన్ని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. గ్రాండ్ అనలేదు.

"ఇది మా ఇంట్లో లేదు" అన్నాడు.

అల్లుడు పడవ మీద కూలబడ్డాడు. పదకొండు నలభై అయింది. షివాన్ నా దగ్గరికి రాబోయి, ఎర్ర టేపు దగ్గర ఆగి, రెండు చేతులూ జోడించి మన నమస్కారం పెట్టింది. ఎవరు నేర్పారో. నేను ఏడవలేదు. శాలువా సర్దుకుని, ఈ షెడ్డులో అందరికంటే ముందు ఈ పాట విన్నది నేనే అని నిటారుగా నిలబడ్డాను.

మూడు గంటల బండికి తిరుగు ప్రయాణం. వచ్చేటప్పటికంటే జనం ఉన్నారు. అల్లుడు కోటు మడిచి పైన పెట్టేశాడు. అథెన్రీ దాటగానే నడవ అవతల నుంచి నా వైపు వంగాడు.

"అత్తయ్యగారూ, రికార్డుకు రెండో వైపు ఇంకో పాట కావాలి. వచ్చే నెల రమ్మన్నాడు. ఏది పెడదాం?"

"మీరు డిసెంబరులో పాడేవారే, కిందకి దిగి దిగి ఆగేది, అది."

"అదా! అది పూర్తి కాలేదండీ."

"మీకు కాలేదేమో. నాకయింది."

"చివరి చరణం లేదుగా?"

"లేకపోతేనే బాగుంది. పాప ఆ చోటుకల్లా నిద్రపోయేది. ఇంకేం కావాలి?"

అథ్లోన్ దాకా వాదించుకున్నాం. అతను మూడు పాటలు చెప్పాడు, రెండింటిని నేను కొట్టేశాను. మాకెదురుగా ఒక పెద్దావిడ అల్లుకుంటున్న ఉన్ని ఆపి, అల్లుడు మాస్కులోంచి తీస్తున్న కూనిరాగం వింటోంది. టల్లమోర్‌లో దిగేటప్పుడు "ఏ రేడియోలో వస్తుందిది?" అని అడిగింది. "ఇంకా రాలేదండి" అన్నాడు అల్లుడు. ఆ 'ఇంకా' నాకు నచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. గాల్వేకు ఒక రోజు చాలదు, రెండు రోజులు పెట్టుకోండి. గాలికి తట్టుకునే బట్టలు తీసుకువెళ్లండి. ఆ సముద్రం గొప్పది, పచ్చిక గొప్పది. చాలామంది వాటి గురించి చెబుతారు. నేను మాత్రం అక్కడ ఒక మనిషి తన గొంతు తాను వినడం చూసి వచ్చాను. ఆ మనిషి మా అల్లుడు. ఈ మాట పదిమందికి చెప్పుకోవాలనే ఇది రాశాను.

ఆరున్నరకు శాండీఫోర్డులో లూవాస్ దిగాం. లలిత పాపను పిల్లల బండిలో కూర్చోబెట్టుకుని ప్లాటుఫారం మీదే నిలబడి ఉంది. "ఏమైంది?" అని నన్ను అడిగింది. నేను అల్లుడి వైపు చెయ్యి చూపించాను. అతను మార్టిన్ పంపిన పాటను ఫోనులో పెట్టి, ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాడు. లలిత మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక ట్రాము వచ్చి వెళ్లింది. ఆమె కదలలేదు.

"సౌండు పెంచు" అంది.

"ఇంతే. ఇది ఇంతే ఉంటుంది" అన్నాడు మా అల్లుడు.

లలిత రెండు చేతులతో చెవులు మూసుకుని, పాటను లోపలికి నొక్కుకుని, మొదటినుంచి మళ్లీ పెట్టమంది.